ఇరవై రెండు మిస్డ్ కాల్స్

పోయిన వారం అమ్మణ్ణిని ఖాజాగూడ సందులో, సాయిచంద్ ఫోన్ రిపేరు కొట్టు ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉందేమోనని కంగారు పడకండి. శనివారం సాయంత్రం ఫోన్ ఇచ్చేసి గదికి వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున పదింటికల్లా మళ్ళీ వచ్చింది. ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

అమ్మణ్ణిది తుని దగ్గర పల్లె. నలభై ఎనిమిదేళ్ళు. మొగుడు పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. రాయదుర్గం మెట్రో పక్కనున్న అద్దాల మేడల్లో ఒకదానిలో, తొమ్మిదో అంతస్తు ఊడ్చి తుడిచే ఆడవాళ్ళకు సూపర్‌వైజరు. ఇంత పెద్ద ఊళ్ళో ఆమెకంటూ ఉన్న మనిషి ఒక్క నీలమ్మే. నీలమ్మది సంగారెడ్డి వైపు, పని అదే అంతస్తులో. ఇద్దరూ ఒకే గదిలో ఆరేళ్ళున్నారు, ఒకే పొయ్యి మీద వండుకు తిన్నారు. ఎనిమిది నెలల కిందట ఆ తొమ్మిదో అంతస్తు బాత్రూంలో ఒక ఉద్యోగిని ఉంగరం పోయింది. ఆ పూట అక్కడ నీలమ్మ ఒక్కతే ఉందని రాసిన కాగితం మీద, మేనేజరు రవికిరణ్ వేలుపెట్టి చూపించిన చోట అమ్మణ్ణి సంతకం పెట్టింది. ఆ దెబ్బతో నీలమ్మకు ఉద్యోగం పోయింది, దొంగన్న పేరు వచ్చింది. "ఇగ నీ మొకం నాకు చూపియ్యకు" అని బట్టలు మూట కట్టుకుని మియాపూర్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇక ఫోన్ సంగతి. ఆరేళ్ళ పాత ఫోన్. నెల రోజులుగా దాని టచ్ చెడి, నొక్కిన చోట పలకదు, నొక్కని చోట పలుకుతుంది. ఇప్పుడు ఆఫీసులో హాజరు ఫోన్‌లోనే వేసుకోవాలి. వేలు పెట్టి పెట్టి అరిగిపోయినా అమ్మణ్ణి హాజరు పడటం లేదు. "సోమవారానికి బాగు చేయించుకోకపోతే ఆ రోజు నువ్వు రానట్టే లెక్క" అని రవికిరణ్ తేల్చేశాడు. ఆదివారం ఆమె కొట్టు ముందుకు వచ్చింది అందుకే.

సరే, ఇక్కడి నుంచి కొత్త కథ.

సాయిచంద్ కొట్టు అంటే కొట్టేం కాదు, మెట్ల కింద మనిషి కూర్చునేంత జాగా. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని పని చేస్తాడు. అమ్మణ్ణి వచ్చేసరికి ఫోన్ అంచుల చుట్టూ వేడిగాలి పట్టి, పాత అద్దాన్ని సన్నని రేకుతో లేపుతున్నాడు.

"కూసో అక్కా. అద్దం ఒక్కటే మార్చమన్నవ్ గాని గట్ల కాదు. టచ్, డిస్‌ప్లే రెండూ కలిసే ఉంటయ్ దీంట్ల. మొత్తం సెట్టే మార్చాలె."

"మార్చు తమ్ముడూ. రేపు పొద్దున్నకి పనిచేస్తే చాలు. లోపలున్నవి పోవుగా?"

"ఏం పోవు. లోపల ఏమున్నయ్ గంత?"

ఏమున్నాయని చెబుతుంది? రీఛార్జి చేయించుకోమని కంపెనీవాళ్ళు పంపే మెసేజీలున్నాయి. ఆఫీసు వాళ్ళ గ్రూపులో రవికిరణ్ పెట్టే తిట్లున్నాయి. ఫోన్ ఇచ్చేశాక నిన్న సాయంత్రం నుంచి ఈ పొద్దుటిదాకా ఆమెకు తెలిసొచ్చిందేమిటంటే, ఫోన్ లేకపోతే ఏమీ లోటు లేదని. అదే ఆమెను ఎక్కువ బాధ పెట్టింది. పనిచేసే రోజుల్లో కాస్త నయం, పది మందిని కేకలేస్తుంది, పది మంది వెనకాల తిట్టుకుంటారు. ఆదివారం వచ్చిందంటే మాత్రం నోరు విప్పే పనే ఉండదు. కూరగాయల బండి దగ్గర అవసరం లేకపోయినా బేరమాడుతుంది, మనిషి గొంతు వినిపిస్తుందని. అమ్మేవాడికి అది తెలియదు, ఈవిడ ఒట్టి పిసినారిదని అనుకుంటాడు.

సాయిచంద్ కొత్త స్క్రీన్‌ను అంటించకుండానే ముందు తీగ తగిలించి వెలిగించాడు. ఫోన్ కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోయింది. టచ్ అంతటా పనిచేస్తోందో లేదో చూడటానికి అతనికో పద్ధతి ఉంది. తెర మీదున్న ఒక బొమ్మను వేలితో పట్టుకుని వదలకుండా మూలమూలకూ తిప్పుతాడు. ఎక్కడైనా బొమ్మ జారిపోతే అక్కడ లోపమున్నట్టు. అమ్మణ్ణి ఫోన్‌లో కింది వరుసలో గుండ్రటి ఫొటో ఒకటుంది. అది నొక్కితే చాలు నేరుగా ఫోన్ వెళుతుంది. అక్షరాలు వెతుక్కోలేదని వెనకటికి నీలమ్మే తన ఫొటో అలా పెట్టిచ్చింది. సాయిచంద్ దాన్నే పట్టుకుని తెరంతా తిప్పాడు. నీలమ్మ నవ్వు మొహం పైకీ కిందికీ ఊరేగింది. ఆ తర్వాత కాల్ లిస్టు తెరిచి వేలితో తోసి చూశాడు.

"మంచిగున్నది టచ్. గీ అక్క ఎవరు?"

"తెలిసినావిడ."

"తెలిసినామెకు దినాం పొద్దుగాల ఫోన్ చేస్తవా? లిస్టు నిండా ఆమెనే ఉన్నది."

"ఎవరూ? నేనా? ఛ ఛ! నేనెందుకు చేస్తాను?"

"గిదేంది మరి?" సాయిచంద్ తెర ఆమె వైపు తిప్పాడు. నీలమ్మ, నీలమ్మ, నీలమ్మ. వేలితో పైకి తోస్తుంటే వస్తూనే ఉంది. అతను పైకే లెక్కపెట్టాడు. "ఇరవై రెండు. దినానికొకటి. అన్నీ పొద్దున ఐదు, ఐదున్నర మధ్యలనే."

"ఒట్టు తమ్ముడూ. ఎనిమిది నెలలైంది ఆవిడకి నేను ఫోన్ చేసి."

సాయిచంద్ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. తర్వాత పాత స్క్రీన్ అందుకుని దాని కింది భాగాన్ని గోటితో కొట్టి చూపించాడు.

"నువ్వు చెయ్యలే అక్కా, ఫోనే చేసింది. గీ పట్టీ ఖరాబైంది. ఎవరు ముట్టకున్నా ముట్టినట్టే అనుకుంటది. రాత్రంతా ఛార్జింగ్ పెడ్తవ్ గదా? గా చవక ఛార్జర్‌కు ఫోన్ మస్తు వేడెక్కుతది, వేడెక్కితే గీ పిచ్చి ఇంకా ఎక్కువైతది. పొద్దుగాల నువ్వు టైం చూసి పక్కన పెడ్తవ్, అది ఆమె ఫొటో నొక్కుతది. ఫోన్ కట్ చేసే ఎర్ర బటన్ సుత గక్కడనే వస్తది గదా. అదే కొడ్తది, ఒక్క రింగుకు అదే కట్ చేస్తది."

ఒక్క రింగు! సాయిచంద్‌కేం తెలుసు ఒక్క రింగంటే ఏమిటో!

ఇద్దరూ కలిసున్న రోజుల్లో అమ్మణ్ణిది తెల్లవారుజాము డ్యూటీ, నీలమ్మది మధ్యాహ్నం డ్యూటీ. వీధి దీపాలు ఆరకముందే చెరువు పక్క నుంచి, కుక్కల మధ్య నుంచి అమ్మణ్ణి ఒక్కతే నడిచి వెళ్ళేది. ఆఫీసు గేటు దాటగానే ఒక్క రింగిచ్చి కట్ చేసేది. క్షేమంగా చేరానని అర్థం. రాత్రి నీలమ్మ బయలుదేరేటప్పుడు ఆవిడిచ్చేది. ఎత్తకూడదు, తిరిగి చెయ్యకూడదు. ఎత్తితే రూపాయి పోతుందన్న కాలంలో మొదలైన అలవాటు. తర్వాత మాట్లాడుకోవడం ఊరికే వచ్చింది, అయినా ఆ ఒక్క రింగు మాత్రం వాళ్ళు మానలేదు. అది వినకుండా ఇద్దరిలో ఎవరికీ ముద్ద దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు.

అంటే ఇరవై రెండు రోజులుగా నీలమ్మకు తన నుంచి ఆ కబురు వెళుతోంది. ఏమనుకుని ఉంటుంది? సిగ్గులేని ముండ, చేసిందంతా చేసి మళ్ళీ కాళ్ళబేరానికి వచ్చిందనుకుందా? మరి నెంబరు ఎందుకు ఆపేయలేదు? ఒక్కసారన్నా ఫోన్ చేసి నాలుగు తిట్టొచ్చు కదా, ఎందుకు తిట్టలేదు? ఏడుపొచ్చింది అమ్మణ్ణికి. అందులో సిగ్గెంతో, సంతోషమెంతో ఆమెకే తెలియలేదు. తనకు లేని ధైర్యం పాడైపోయిన ఫోన్‌కుందనుకుంది.

"ఫొటో కింది కెల్లి తీసేయాల్నా అక్కా?"

"వద్దు తమ్ముడూ, ఉండనీ."

సాయిచంద్ గమ్ పూసి, స్క్రీన్ అంటించి, నాలుగు రబ్బరు బ్యాండ్లు బిగించి ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు. "గంట సేపు ముట్టకు. గమ్ ఆరాలె."

అప్పుడు వినపడింది సందు మొదట్లోంచి కేక.

"ఓ అమ్మణ్ణీ!"

ఎనిమిది నెలలైనా ఆ గొంతు తెలియదూ! నీలమ్మ పరుగులాంటి నడకతో వస్తోంది. కొంగు జారి, జుట్టు చెదిరి, ఒక చెప్పు పట్టీ తెగి ఈడ్చుకుంటూ వస్తోంది. వచ్చీ రావడంతోనే అమ్మణ్ణి భుజాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బతికే ఉన్నవ్! సచ్చినవో బతికినవోనని పొద్దుగాల సంది పానం కొట్టుకుంటున్నదే నాకు! మియాపూర్ల మెట్రో ఎక్కి, అమీర్‌పేట్ల మారి, రాయదుర్గం కాడ ఆటో పట్టుకొని గది కాడికి పోతే తాళం. ఇంటోళ్ళేమో ఫోన్ దుకాణంకు పోయిందన్నరు. ఎందుకియ్యలే ఇయ్యాల?"

"ఏమిటి?"

"ఏమిటంటవేందే! మిస్డ్ కాల్!"

నీలమ్మ సాయిచంద్ ఎదుటనున్న స్టూలు లాక్కుని కూలబడింది. ఆయాసం తీరుతుంటే మాట కూడా మెత్తబడింది.

"మొదటి దినం చేయి తాకి వచ్చిందేమో అనుకున్న. రెండో దినం మళ్ళ వచ్చింది. మూడో దినం కోపమొచ్చింది నాకు, ఏం మొకం పెట్టుకొని చేస్తున్నదని. నంబర్ బంద్ చేద్దామని ఫోన్ సుత తీసిన. చెయ్యలే. వారమైనంక ఏమైందో ఎర్కనా? దానికంటే ముందుగాలనే లేస్తున్న. ఐదింటికే లేసి కూసుంట. అది మోగినంకనే చాయ్ పెట్టుకుంట. మా తమ్ముని పెండ్లాం నవ్వుతది. ఆదివారాలు సుత ఇస్తివి గదనే! సెలవు నాడు డ్యూటీ ఏడిది దీనికి, ఎంత ఒంటిగ ఉన్నదో పాపమని అనుకున్న. ఇయ్యాల ఐదున్నరైంది, ఆరైంది, ఏడైంది, రాలే. ఫోన్ కొడితే బంద్ ఉన్నది. కుక్కలు కరిచినయో, గదిల పడిపోయినవో. పడిపోతే చూసేటోళ్ళు ఎవరున్నరు నీకు?"

చూసేవాళ్ళు ఎవరున్నారు నీకు. ఆ మాట అమ్మణ్ణి తనలో తాను ఎన్నిసార్లు అనుకుందో! ఇంకొకరి నోట వినడం ఇదే మొదలు.

"అక్కా, అది..." అంటూ సాయిచంద్ నోరు తెరిచాడు. అమ్మణ్ణి అతని వైపు చూసింది. ఆ చూపుకు అతను తల వంచుకుని ఇంకో ఫోన్ ముందేసుకున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది, అవునా? మీరే చెప్పండి. అవునే, నేనే చేశాను, నిన్ను మర్చిపోలేక చేశాను అంటే పోయేదేముంది? నీలమ్మ గదికి తిరిగొస్తుంది. ఇద్దరికీ కలిపి అన్నం ఉడుకుతుంది. అబద్ధమాడక్కర్లేదు కూడా, నోరు మూసుకుంటే చాలు. కానీ అమ్మణ్ణికి నోరు మూసుకోవడమంటే ఏమిటో బాగా తెలుసు. ఎనిమిది నెలల కిందట కాగితం ముందు చేసిందీ ఆ పనే. ఆ పని రెండోసారి చెయ్యడం ఆమెకు చేతకాలేదు.

"నేను చెయ్యలేదే నీలమ్మా."

"ఏంది?"

"ఆ ఫోన్లు నేను చెయ్యలేదు. ఫోన్ పాడైపోయి దానంతట అదే చేసింది. నాకు ఇప్పుడే తెలిసింది. కావాలంటే ఇతన్నడుగు."

నీలమ్మ ముందు నవ్వింది, హాస్యమాడుతోందనుకుని. సాయిచంద్ తల ఎత్తకపోవడం చూశాక నవ్వు ఆగిపోయింది. పాత స్క్రీన్ బల్ల మీదుంటే దాన్నోసారి చూసింది.

"అంటే, గీ సెడిపోయిన అద్దం కోసం నేను దినాం ఐదింటికి లేసి కూసున్నన్నట్టు."

"నీలమ్మా..."

"మాట్లాడకు." లేచి నిలబడింది. తెగిన చెప్పు ఈడ్చుకుంటూ సందులోకి నడిచింది. అయిపోయింది, ఇక ఈ జన్మకు ఇంతేననుకుంది అమ్మణ్ణి. పిలవడానికి ఏ ముఖముంది కనుక?

పది అడుగులు వేసి నీలమ్మ ఆగింది. గిరుక్కున వెనక్కి తిరిగింది. వచ్చి అమ్మణ్ణికి ఎదురుగా నిలబడింది.

"సరే. కాల్ ఫోనే చేసింది. మరి పదకొండో నాడు మాట్లాడింది సుత ఫోనేనా?"

"నేను నీతో మాట్లాడలేదు కదే."

"నాతోని కాదు. ఆ పొద్దు కాల్ కట్ కాలే. మోగుతనే ఉన్నది. నాలుగు రింగులైనంక నాకు భయమై ఎత్తిన. హలో హలో అన్న, నువ్వు పలుకలే. అవతల ఫ్యాన్ సప్పుడు, గ్లాసు కడిగిన సప్పుడు. గప్పుడు నీ గొంతు వినొచ్చింది. 'లేవకే, పడుకో. నీది మధ్యాహ్నం డ్యూటీ కదా. తలుపు నేనే దగ్గరికేసి పోతా' అన్నవ్. ఎవరితోని అన్నవే ఆ మాట? గదిల ఎవరున్నరు?"

అమ్మణ్ణి తల వంచుకుంది.

"ఎవరూ లేరు" అంది. "నీ మంచంతో. దానితోనే మాట్లాడుకుంటాను. రోజూ."

నీలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో గట్టిగా తుడిచేసుకుంది, ఏడవడానికి ఇది సమయం కాదన్నట్టు.

"ఎర్కయింది నాకు. అందుకే ఉరికొచ్చిన. గాని అమ్మణ్ణీ, తర్వాత ఇంకో మాటన్నవ్. 'నువ్వు తియ్యలేదని నాకు తెలుసే నీలమ్మా' అన్నవ్. గంతల్నే కట్టయింది. ఆ మాట పదకొండు దినాల సంది నన్ను తింటున్నది. నమ్ముతున్న అనలే నువ్వు. తెలుసు అన్నవ్. సంతకం పెట్టిన నాడు నాకేం తెల్వదన్నవ్ గదా. మరి ఎప్పుడు తెలిసింది? ఎట్ల తెలిసింది? ఒక్క మేడల నన్ను పనికి పెట్టుకుంటలేరు, హాస్టల్ల అంట్లు తోముతున్న. ఉంగరం ఎవరు తీసిన్రో చెప్పు. పేరు చెప్పు చాలు."

తేలు కుట్టిన దొంగ సామెత మీకు తెలిసిందే. నొప్పి లోపలే దాచుకోవాలి తప్ప అరవడానికి లేదు. అమ్మణ్ణి ఎనిమిది నెలలుగా అలాగే బతుకుతోంది. ఇన్ని వారాలుగా మీతో, నాతో కూడా చెప్పని మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఎవరూ తియ్యలేదే."

"మరి?"

"వాష్‌బేసిన్లో పడిపోయింది. నీళ్ళు పోవట్లేదని కింద గొట్టం విప్పిస్తే మురికిలోంచి నా చేతిలోనే పడింది. ఇచ్చేద్దామనే మేనేజరు గది దాకా వెళ్ళాను. మరి ఆ కాగితం మీద ఎందుకు సంతకం పెట్టావంటే ఏం చెప్పాలో తెలియక వెనక్కి వచ్చేశాను. మర్నాడు ఇద్దామనుకున్నాను. ఆ మర్నాడు కూడా అలాగే..."

"ఏడున్నది ఉంగరం?"

"నా దగ్గరే ఉంది."

"ఎప్పటి సంది?"

"నువ్వెళ్ళిన తొమ్మిదో రోజు నుంచి."

నీలమ్మ కేకలేయలేదు. చెయ్యి ఎత్తలేదు. తొమ్మిదో రోజు అన్న మాట తనలో తాను ఒకసారి అనుకుని, బల్ల మీది ఫోన్ అందుకుని రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే లాగేసింది.

"గమ్ ఆరలేదక్కా, ఇంకో ముప్పావు గంట ఆగాలె" అన్నాడు సాయిచంద్ గాభరాగా.

"నేను ఎనిమిది నెలలు ఆగిన తమ్మీ" అంది నీలమ్మ. ఫోన్ అమ్మణ్ణి చేతిలో పెట్టింది. "రవికిరణ్‌కు చెయ్. ఉంగరం సంగతి నా ముందల చెప్పు."

అమ్మణ్ణి నెంబరు నొక్కింది. కొత్త స్క్రీన్, ఎక్కడ ముడితే అక్కడే పలికింది. నీలమ్మ చెయ్యి చాచి స్పీకర్ నొక్కింది. మూడో రింగుకు ఎత్తాడు.

"ఏంటమ్మా, ఆదివారం కూడా వదలవా? ఫోన్ బాగయిందని చెప్పడానికేనా?" అన్నాడు రవికిరణ్. అమ్మణ్ణి ఎదురుగా నీలమ్మ ముఖం ఉంది, జానెడు దూరంలో.

"హలో, అమ్మణ్ణీ? వినపడుతోందా? ఏంటో చెప్పు."